మొద్దు కత్తి



సంక్రాంతి సెలవుల తర్వాత నేను పదిహేను రోజులు ఆలస్యంగా హాస్టలుకు వచ్చాను. ఎందుకురా అని అడిగితే జ్వరం వచ్చిందన్నాను. అది అబద్ధం. ఇంట్లోవాళ్ళతో మిరపకోతలకు పోయాను. అక్కడ నేర్చుకున్న ఒక సంగతి రాస్తున్నాను.

మా తండా వాళ్ళం లారీ ఎక్కి అద్దంకి దగ్గర ఒక పల్లెకు పోయాం. చేను పక్కనే పట్టాలు కట్టుకుని ఉన్నాం. లారీలో చోటు లేక కత్తిపీట ఇంటికాడే వదిలేశాం. తెచ్చుకున్నది ఒక్క చిన్న కత్తి. అది నాలుగు రోజులకే మొద్దుబారింది. టమాటా తొక్క కూడా తెగదు. గట్టిగా నొక్కేసరికి జారి యాడీ వేలు తెగింది. మేం అమ్మను యాడీ అంటాం. తెగిన వేలికి మిరపకాయ తగిలితే ఎంత మంటో కోతకు పోయినోళ్ళకే తెలుసు. రెండు రోజులు యాడీ చేలోకి దిగలేదు. రెండు రోజుల కూలి పోయింది. పదును కత్తి అంటే మనకు భయం. కానీ బలంగా నొక్కాల్సి వచ్చేది మొద్దు కత్తినే, జారేది కూడా అదే.

సాన పట్టించడానికి అద్దంకి పోతే ఇంకో పూట కూలి పోతుంది. అందుకని నేను కత్తిని బండరాయికేసి గీశాను. అంచు రంపంలాగా అయింది. పక్క పట్టాలో ఉన్న అవ్వ చూసి నవ్వింది. "టీ తాగే పింగాణీ కప్పు తేరా అబ్బాయ్" అంది. తెస్తే బోర్లించింది. కప్పు అడుగున నున్నటి పూత లేని గరుకు అంచు గుండ్రంగా ఉంటుంది. అదే సాన. కాల్చిన పింగాణీ కత్తి ఉక్కు కంటే గట్టిది.

పద్ధతి ఇది. కప్పు కదలకుండా కింద తడిగుడ్డ వేయాలి. గరుకు అంచును తడపాలి. కత్తిని దానిపై పడుకోబెట్టి, వీపు వైపు మూడు రూపాయి బిళ్ళల మందం పైకి లేపాలి. కప్పు మీద పలచని పొర కోస్తున్నట్టు పిడి దగ్గర్నుంచి మొన దాకా నడపాలి. ఒక పక్క పది సార్లు, రెండో పక్క పది సార్లు, తర్వాత ఐదు, తర్వాత మూడు. చివర్లో పాత తోలు బెల్టు మీద వీపు ముందుకు పెట్టి ఐదారు సార్లు లాగాలి. కడిగి టమాటా మీద చూడాలి. వేలితో చూడకూడదు.

మూడో రోజు నుంచి అందరూ కత్తులు నా దగ్గరికే తెచ్చారు. ఒకామె బొరుగులు పెట్టింది.

అద్దంకిలో దొరికిన క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనంలో తెలుగు పద్యం ఉందని క్లాసులో చదువుకున్నాం. ఉలికి పదును లేకపోతే ఆ పద్యం రాయి మీదికి ఎక్కేది కాదు కదా!

వార్డెన్ సారూ, అబద్ధం చెప్పినందుకు క్షమించండి. ఏ శిక్ష వేసినా చేస్తాను. మన వంటగది కత్తులు కూడా మొద్దుబారాయి. వంట అమ్మ వేలికి ఎప్పుడూ గుడ్డపేలిక ఉంటుంది, చూశారా? ఆదివారం ఒక పాత కప్పు ఇప్పించండి, చాలు.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థి