ప్లానోలో మిఠాయిల రాత్రి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ మహానగరానికి ఉత్తరాన ప్లానో అనే నగరం ఉంది. మన తెలుగు కుటుంబాలు అక్కడ విరివిగా స్థిరపడ్డాయి. మా అమ్మాయి కాపురమూ అక్కడే. గత శరత్కాలంలో మేము ఆ ఊరు చేరేసరికి ఇళ్ళ ముంగిళ్ళలో గుమ్మడికాయలు, కృత్రిమ సాలెగూళ్ళు, ప్లాస్టిక్ అస్థిపంజరాలు వెలిసి ఉన్నాయి. అక్టోబరు 31న జరిగే హాలోవీన్‌కు అది సన్నాహమట.

ఆ రోజున అక్కడ సూర్యాస్తమయం సాయంత్రం ఆరున్నర దాటాక. మేము మగ్రిబ్ నమాజు ముగించి కిటికీ వద్ద కూర్చునే వేళకు వీధి నిండా వేషధారులైన పిల్లలు, వారి చేతుల్లో సంచులు. వాకిలి దీపం వెలుగుతున్న ఇంటి తలుపే వారు తడతారు, దీపం ఆర్పిన ఇంటి జోలికి పోరు. ఆ మర్యాద మాకు నచ్చింది. మా అల్లుడు దీపం ఆర్పివేశాడు. ఈ వేడుక మూలాలు అన్య విశ్వాసాలతో ముడిపడినవి గనుక మనవారిలో చాలామంది దీనికి దూరంగా ఉంటారు. ఆ విషయంలో మాకు భిన్నాభిప్రాయం లేదు.

అయితే దీపం ఆర్పినంత మాత్రాన మిఠాయి ఇంట్లోకి రాకుండా ఆగదు. బడిలో తోటి పిల్లలు పంచారు. పక్కింటి వృద్ధురాలు ఒక సంచి నింపి ఇచ్చింది. తొమ్మిదేళ్ళ మా మనవరాలు అంతా తెచ్చి తివాచీ మీద కుమ్మరించింది.

ఆ రాత్రి అమెరికా తల్లిదండ్రులు మిఠాయిలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. అపరిచితులెవరైనా విషం కలిపారేమోనని భయం. 1974లో ఇదే టెక్సాస్‌లోని డీర్ పార్కులో ఒక బాలుడు సైనైడ్ కలిపిన మిఠాయి పొడి తిని మరణించాడు. బీమా సొమ్ము కోసం విషం కలిపింది కన్నతండ్రేనని న్యాయస్థానంలో రుజువైంది. ఇటువంటి కథలను ఏళ్ళ తరబడి పరిశోధించిన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు, అపరిచితులు పంచిన విషపు మిఠాయితో పిల్లలు చనిపోయిన నిర్ధారిత సంఘటన ఒక్కటీ దొరకలేదు. అయినా భయం పోలేదు. ఇరుగుపొరుగును అనుమానించడం అంత తేలిక!

మా అమ్మాయి వెతికింది విషం కోసం కాదు, జెలటిన్ కోసం. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ఈ పదార్థాన్ని సాగే మిఠాయిల్లో, మార్ష్‌మెలోల్లో, క్యాండీ కార్న్‌లో వాడతారు. అది పందిదా, పశువుదా అన్నది పొట్లంపై తరచుగా ఉండదు. పశువుదే అయినా జబహ్ సంగతి తెలియదు. చిన్న పొట్లాలపై అక్షరాలు ఆవగింజలంత, కొన్నింటిపై అవీ ఉండవు. అమ్మాయి ఫోనులో బొమ్మ తీసి, పెద్దది చేసి చదువుతూ కూర్చుంది. ఎదురింటివారు విజయవాడ నుంచి వచ్చిన శాకాహారులు. తొమ్మిది గంటలకు ఆ ఇల్లాలి ఫోను: “అక్కా, ఆ ఎర్ర పొట్లంలో ఉందా, లేదా?” ఇద్దరి కారణాలు వేరు, వెతుకులాట ఒక్కటే.

వేరుశనగ పడని పిల్లల తల్లుల బాధ మరొకటి. వారి కోసం కొందరు వాకిట నీలిఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ ఉంచుతారు. ఆ ఇంట్లో తిండి కాక బొమ్మలో, పెన్సిళ్ళో ఇస్తారని గుర్తు.

అన్నీ చెత్తబుట్టలో వేద్దామన్నాడు అల్లుడు. అక్కడి తండ్రులు చాలామంది పిల్లల సంచిలోంచి తమ వాటా తీసుకొని దాన్ని ‘పన్ను’ అని హాస్యమాడతారట. మనవరాలు మావైపు తిరిగి, “నానా, ఇవి నావా, అబ్బూవా?” అని అడిగింది. నలుగురిలో అడిగిన మస్‌అలా, తప్పించుకోలేము. పిల్లకిచ్చిన కానుక పిల్ల సొత్తు, తండ్రి దానికి కాపలాదారు. నిషిద్ధమైనది తిననివ్వకుండా ఆపడం అతని బాధ్యత, అడగకుండా పారవేయడం వేరు సంగతి. “నీవేనమ్మా” అన్నాము. అల్లుడు కొంతసేపు ముఖం ముడుచుకున్నాడు.

చాక్లెట్లు ఆమెకే మిగిలాయి. రోజంతా నమలడం కంటే భోజనంతో పాటే తినడం పళ్ళకు మేలని అమ్మాయి నియమం పెట్టింది. కొన్నిచోట్ల దంతవైద్యులు పిల్లల వద్ద మిఠాయిని తూకానికి కొంటారట. అల్లుడు కూడా జెలటిన్ మిఠాయిలను డబ్బిచ్చి కొంటానన్నాడు. పంది వస్తువుకు మన దృష్టిలో వెలే లేదు, అనుమానం ఉన్నప్పుడు బేరం వద్దు, కానుక ఇవ్వు అన్నాము. అతడు నవ్వి, ఆమె కోరిన రంగు పెన్సిళ్ళ పెట్టె తెస్తానన్నాడు.

ఇక పక్కింటామె ఇచ్చిన సాగే మిఠాయిలు. తిరిగి ఇస్తే నొచ్చుకుంటుందని అమ్మాయి సంకోచం. మనవరాలు మాత్రం మరునాడు వాటిని విప్పకుండానే తీసుకువెళ్ళి, తాము తినలేమని చెప్పింది. మేము గుమ్మంలో నిలబడి చూశాము. ఆ వృద్ధురాలు లోనికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకొని, పొట్లం వెనుక రాసినదంతా నెమ్మదిగా చదివింది. ఆపై ఒక కాగితం, కలం తెచ్చి, మీరు తినగలిగినవి ఏవో చెప్పమంది. మనవరాలు ఒక్కొక్క పేరు అక్షరం అక్షరంగా చెబుతుంటే ఆమె రాసుకుంది.