స్టాండు లేని సైకిలు

నలభై వేలు పోసి కొన్న సైకిలుకు స్టాండు ఎందుకుండదో ఎవరైనా పుణ్యాత్ములు చెప్పాలి. స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. అడిగితే కొట్లో కుర్రాడు "మౌంటెన్ బైక్ సార్, స్టాండు పెడితే బరువైతది" అన్నాడు. అంటూ నా పొట్టకేసి చూశాడు, అదీ నా బాధ.

అందుకే మొన్న ఆదివారం జిన్నారం దగ్గర గుట్టెక్కాక నేను చేసిన మొదటి పని, సైకిలు ఆనించడానికి చెట్టు వెతుక్కోవడం. ఓ మోదుగ దొరికింది. కింద పడేస్తే పోలా అంటారు. పడేసిన సైకిల్ని చూస్తే నాకు తన్నులు తిన్న పశువు గుర్తొస్తుంది.

అక్కడ ఏడెనిమిది మంది పిల్లలు. కొందరిది ఆ ఊరే. కొందరు ఇక్కడి మందుల కంపెనీల్లో పనికి బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్ల పిల్లలు. తెలుగూ హిందీ కలగలిపి తిట్టుకుంటారు. సెలవుల్లో పారా గడ్డపారా పట్టి, మేకల బాటను సైకిలు దిగే దారిగా మార్చేశారు. మలుపుల దగ్గర బయటి అంచున మొరం ఎత్తి కట్ట పోశారు, సైకిలు దానిమీద ఒరిగి తిరిగేలా. తడి మట్టిని చరిచి గట్టిచేసిన చిన్న చిన్న అరచేతుల గుర్తులు ఇంకా దానిమీదున్నాయి.

"అంకుల్, బండ కాడ ముందు బ్రేక్ పట్టకండి, పల్టీ కొడ్తరు" అన్నాడొకడు. వాడి సైకిలుకు అసలు బ్రేకే లేదు. చెప్పుకాలు వెనక టైరుకు ఆనిస్తాడు. చెప్పు అడుగున టైరు తినేసిన గాడిలో నా బొటనవేలు పట్టింది.

1976లో కాలిఫోర్నియాలో ఇలాంటి పిచ్చివాళ్లే కొందరు టమల్‌పయస్ కొండ దగ్గర పాత బరువు సైకిళ్లతో దిగుడు పందెం పెట్టుకున్నారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికొచ్చేసరికి హబ్బులో గ్రీజంతా కాలి పొగైపోయేది, మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. బరువు తగ్గాలని మడ్‌గార్డుతో మొదలుపెట్టి అక్కర్లేదనిపించినవన్నీ ఊడబీకిందీ ఆ మహానుభావులే. నా పగ ఎవరిమీదో అర్థమైందిగా.

దిగాను. మొదటి మలుపులో కట్ట నన్ను పట్టుకుంది. రెండో మలుపులో నేనే కట్టను పట్టుకున్నాను. ఆపైన గాలి తిరిగి, ఈ పారిశ్రామికవాడంతా ఎరిగిన ఆ మందుల ఘాటు ముక్కుకు కొట్టింది. మూసుకుందామంటే రెండు చేతులూ బ్రేకుల మీద.

స్టాండంటే మా నాన్న అట్లాస్ సైకిలుది. రెండు కాళ్లది, ఠప్పున పడేది. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. నాన్న సైకిలు స్టాండు వేసి లోపలికెళ్లగానే నేనెక్కేవాణ్ణి. సీటు అందదు, డండీ మీద కూర్చుని తొక్కితే వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగేది. డైనమో ఆనిస్తే దీపం గోడ మీద గుండ్రంగా పడేది. ఆ వెలుగులోకి ఓ బల్లి వచ్చేది. మెల్లగా తొక్కితే కదిలేది కాదు, జోరుగా తొక్కితే పైకి పాకేది. "చైన్ పడ్తది రా" అని లోపల్నుంచి నాన్న.