ఇప్పచెట్టు నీడలో వెలసిన ఊరు - శ్రీముఖలింగం

మా అత్తగారి నోట నెలకోసారైనా వినే మాట ఒకటుంది. "ముఖలింగంలో కోటికి ఒక్క లింగం తక్కువైంది గానీ, లేకపోతే అదే కాశీ అయ్యేది" అని. ఆవిడ పుట్టిల్లు నరసన్నపేట పక్క పల్లె. చిన్నప్పుడు శివరాత్రికి ఎడ్లబండి మీద వెళ్ళేవారట. నిరుడు కార్తీక సోమవారం నాడు ఆ ఊరు చూసే యోగం మాకూ పట్టింది. అత్తగారు, నేను, మా ఆడపడుచు... ముగ్గురం ఆడవాళ్ళమే బయల్దేరాం. తెల్లారకుండానే లేచి పులిహోర, దద్దోజనం కలిపి డబ్బాలకెత్తాను.

శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్లు. మడపాం దగ్గర వంశధార వంతెన దాటి, నరసన్నపేట మీదుగా వెళ్ళాలి. జలుమూరు మండలంలో, నది ఎడమ గట్టున ఉంటుందీ ఊరు. వరిచేలు, తాటిచెట్లు, అరుగుల మీద కబుర్లు చెప్పుకునే ముసలాళ్ళు. చూస్తే మనందరి ఊళ్ళలాంటిదే. కానీ ఇది ఒకప్పుడు కళింగ దేశానికి రాజధాని అంటే నమ్మగలరా?

అవునండీ! తూర్పు గాంగరాజుల కళింగనగరం ఇదే. వాళ్ళు కొన్ని వందల ఏళ్ళు ఇక్కడి నుంచే ఏలారు. వాళ్ళలో గొప్పవాడు అనంతవర్మ చోడగంగదేవుడు. 1078లో పట్టాభిషిక్తుడయ్యాడు. ఆయన పేరులోనే ఒక ఆడపిల్ల కథ దాగుంది. తల్లి రాజసుందరి చోళరాజుల ఆడపడుచు, గాంగుల కోడలు. ఆ తల్లి పుట్టింటి పేరు, అత్తింటి పేరు కలిసి కొడుకు చోడగంగుడయ్యాడు. మన పిల్లలకి పుట్టింటి పేరు ఎక్కడైనా కలుస్తోందా చెప్పండి! పూరీ జగన్నాథుడి గుడి కట్టడానికి పూనుకున్నది ఈయనే. ఉత్కళం గెలిచాక రాజధాని కటకానికి తరలింది. దాంతో ఈ ఊరు మళ్ళీ పల్లెగా మిగిలిపోయింది.

ఈ సంగతి లోకం మరిచిపోయింది కూడాను. కళింగనగరం అంటే సముద్రపు ఒడ్డున ఉన్న కళింగపట్నమేనని కొందరు పండితులు రాశారు. కాదు, ముఖలింగమేనని శాసనాలు చదివి నిరూపించిన మహానుభావుడు ఎవరో తెలుసా? మన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863 ఆగస్టు 29న ఈ దగ్గరలోనే, పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, ఈ గుడి రాళ్ళ మీది పాతలిపిని తనంతట తానే కూడబలుక్కుని నేర్చుకున్నారు. సవరల భాష నేర్చి దానికి వ్యాకరణం రాసిందీ ఆయనే. ఇవాళ మనం ఇలా మాట్లాడుకునే తెలుగులో రాసుకుంటున్నామంటే అదీ ఆయన చలవే.

సవరలన్నాను కదా, ఈ దేవుడి కథంతా వాళ్ళదే. ఒక సవర దొరకి ఇద్దరు పెళ్ళాలట. పెద్దావిడ శివభక్తురాలు. పెరట్లో ఇప్పచెట్టు, దానికి రెండు కొమ్మలు. పూల కోసం సవతులకి రోజూ తగువే. విసిగిపోయి ఆ దొర చెరో కొమ్మ పంచాడు. పెద్దావిడ కొమ్మకి బంగారు పూలు రాలడం మొదలెట్టాయి. ఇంకేముంది, చిన్నావిడ ఊరుకుంటుందా! పోరు పడలేక దొర గొడ్డలి ఎత్తి చెట్టు నరికేసరికి మొదట్లో శివుడి ముఖం కనిపించిందట. సంస్కృతంలో ఇప్పని మధూకం అంటారు, అందుకే స్వామి మధుకేశ్వరుడు. లోపలిది రాతి లింగం కాదు, ఆ చెట్టు మొద్దేనని అంటారు. (ఇప్పగింజల నూనెతో దీపం పెడితే బాగా నిలుస్తుందని అత్తగారు దారంతా చెబుతూనే ఉన్నారు.)

గుళ్ళు మూడు. మధుకేశ్వరుడిది పెద్దది, ప్రాకారం లోపల నాలుగు మూలలా చిన్న గుళ్ళు. ద్వారబంధాల మీద చెక్కిన లతలు చూస్తే, సంక్రాంతికి మనం వేసే ముగ్గులు ఏం ముగ్గులనిపిస్తుంది. భీమేశ్వరుడి గుడి సాదాగా ఉంటుంది. సోమేశ్వరుడి గుడి మాత్రం ముందు మండపం లేకుండా ఒంటరిగా నిలబడి ఉంటుంది. నాకు అదే ఎక్కువ నచ్చింది. తీరిగ్గా చుట్టూ తిరిగి చూడండి.

గర్భగుడిలో లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఉంది. పిల్లలు లేని ఒక కుమ్మరి, బిడ్డ పుడితే గోలెం ఇస్తానని మొక్కుకున్నాడట. పుట్టాక ఊరంత గోలెం చేసి తెచ్చాడు. అది ద్వారంలో పట్టలేదు. ఏడుస్తూ గుమ్మం ముందే వదిలేసి పోతే, తెల్లారేసరికి లోపల ఉందట.

అసలు మేం వచ్చింది దాని కోసమే. మా ఆడపడుచుకి పెళ్ళై పదకొండేళ్ళు. వెళ్ళని డాక్టరు లేరు, కట్టని ముడుపు లేదు. పేరంటానికి పిలిస్తే రావడం కూడా మానేసింది. ఆ గోలెం చూపిస్తే మంచి జరుగుతుందని అత్తగారి ఆశ. పంతులుగారు దీపం ఎత్తి చూపించారు. ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. మా అమ్మాయి మాత్రం కళ్ళు తెరుచుకునే నిలబడింది.

బయటికొచ్చాక, "వదినా, కథలో కుమ్మరి మొక్కాడు, కుమ్మరి ఏడ్చాడు. వాడి పెళ్ళాం సంగతి ఎవరూ చెప్పరేం? బిడ్డ పుట్టకపోతే ఊళ్ళో మాటలు పడింది ఆవిడే కదా" అంది.

నాకేం చెప్పాలో తోచలేదు. అత్తగారు విన్నారో లేదో, ముందు నడుస్తున్న మనిషి ఆగారు. చాలాసేపు మాట్లాడలేదు.

ఇక మీరు వెళ్ళదలిస్తే ఒక మాట. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానాలకి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. పిల్లలతో ఆ రద్దీ కష్టం. కార్తీకంలోనో, సంక్రాంతి తర్వాతో పొద్దున్నే వెళితే హాయి. బస శ్రీకాకుళంలో చూసుకుంటే మేలు. మంచినీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి.

మధ్యాహ్నం నది ఒడ్డుకి పోయాం. కలహండి కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార అక్కడ వెడల్పుగా, ఇసుకమేటల మధ్య పాయలుగా పారుతోంది. డబ్బాలు విప్పాను. అత్తగారు తొలి ముద్ద కలిపి కూతురి చేతిలో పెట్టారు. "ఈ ఏటికి నీతో కలిసి వచ్చాను, అది చాల్లే. ఇంక ముడుపులు కట్టను. తినవే గుంటా" అన్నారు. అది తలొంచుకుని రెండు విస్తళ్ళ పులిహోర తింది. మిగిలిన దద్దోజనం ఒడ్డునున్న కుక్కపిల్లకి పెట్టి, బస్సు వేళైందని పరుగెత్తాం.