గండికోట రాళ్లలో మయూరశిఖ

జమ్మలమడుగు దాటి గండికోట దారి పట్టాక ఎర్రమల కొండలు దగ్గరపడేకొద్దీ పచ్చదనం పలచబడి రాయి పెరుగుతుంది. ఫెర్న్ మొక్కను చూడటానికి ఇటు రావడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఫెర్న్ అనగానే మనకు అనంతగిరి కాఫీ తోటల నీడ, ఎప్పుడూ తడిగా ఉండే వాగు ఒడ్డు మనసులో మెదులుతాయి. వానలు అంతంత మాత్రమైన కడప జిల్లా ఆ ఊహలో ఎక్కడా ఉండదు. అయినా అడవి ఫెర్న్‌ను గుర్తుపట్టాలంటే ఆకును ఎంత శ్రద్ధగా చూస్తామో అది వేరూనిన చోటునూ అంత శ్రద్ధగా చూడాలన్నది నా అభిప్రాయం. అందుకు గండికోటను మించిన సాక్ష్యం నాకు తోచలేదు.

కోట దాటి పెన్నా లోయ అంచుకు నడిస్తే, ఎర్రటి బండల సందుల్లో జానెడైనా లేని మొక్కలు గుంపులుగా కనిపిస్తాయి. సన్నగా, బిరుసుగా ఉన్న కాడ. దాని కొసన బొమ్మల కొలువులోని తాటాకులా విచ్చుకున్న చిన్న ఆకు. పాయలన్నీ రెండేసిగా చీలుతూ పోతాయి. పైనుంచి చూసి తాటి మొలక అనుకునేవారు ఉంటారు. ఆకును తెంపకుండా మెల్లగా వెనక్కి వంచితే సందేహం తీరుతుంది. ముదురు ఆకు పాయల అంచులు లోపలికి మడిచి ఉంటాయి, ఆ మడత కింద సిద్ధబీజాశయాలు, అంటే స్పోర్ల సంచులు, గోధుమరంగు గీతల్లా బారులు తీరి ఉంటాయి. పూలు పూసి, కాయలు కాసే తాటికి ఇవి ఉండే ప్రశ్నే లేదు. ఇది ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. ఆయుర్వేదంలో దీన్ని మయూరశిఖగా చెబుతారు. దీని శాస్త్రీయనామం వెంట, ఆ పేరు పెట్టిన వృక్షశాస్త్రజ్ఞులుగా స్వార్ట్జ్, లింక్‌లతోపాటు కోనిగ్ పేరూ వస్తుంది. లిన్నేయస్ శిష్యుడైన ఆ కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు.

ఇక చోటు సంగతి. ఫెర్న్ సిద్ధబీజం మొలిస్తే ముందు వచ్చేది మనం చూసే మొక్క కాదు, గోరంత పచ్చటి పొర. దాని మీద పురుషకణం అండాన్ని చేరాలంటే నీటిలో ఈదాల్సిందే. కాబట్టి కొద్ది రోజులైనా తడి నిలిచే చోటు ఈ మొక్కకు తప్పనిసరి. బట్టబయలు బండ మీద ఆ తడి నిలవదు, పగులులో నిలుస్తుంది: గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము, కాస్త నీడ, జారి చేరిన వాననీరు. ఆ తర్వాత నెలల తరబడి ఎండలు కాచినా మయూరశిఖ చావదు. ఆకులు ముడుచుకుని ఎండినట్టే ఉండి, మళ్లీ తడి తగలగానే విచ్చుకుంటాయి. ఫెర్న్‌కు నీరు కావాలన్న మాట నిజమే, ఏడాది పొడవునా కావాలన్నదే పొరపాటు.

చోటును బట్టి మొక్కను తేల్చడం మొదలుపెడితే, ఉంటుందనుకున్న చోటల్లా అదే కనిపిస్తుందని ఒక ఆక్షేపణ ఉంది. అది సబబైనదే. అందుకే చోటు ఇచ్చేది అనుమానితుల జాబితా మాత్రమే, తీర్పు ఆకు వెనుక ఉంటుంది. సున్నం గోడల్లోనూ ఇది మొలుస్తుంది కదా, దాన్ని సహజ ఆవాసం అనవచ్చా అని మరో ప్రశ్న. మొక్కకు మేస్త్రీ ఎవరో అక్కర్లేదు. నిలువు రాయి, సందు, పిడికెడు మట్టి ఉంటే చాలు. పాత గోడ దానికి మరో కొండచరియ. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉండగా ఇంత తర్కం దేనికనేవారికి నా జవాబు ఒకటే: ఆకు పైభాగం ఫొటోలో సిద్ధబీజాశయాలు ఉండవు, మొక్క ఏ సందులో నిలిచిందో ఉండదు.

మందుకని వేళ్లతో సహా పీకేవాళ్లు, శుభ్రత పేరుతో గోడ సందులు గీకేవాళ్లు ఈ మొక్కకు ఎండకన్నా పెద్ద గండం. గండికోట వెళ్లేవారు లోయ ఫొటోతోపాటు ఈ ఆకు వెనుక వైపు ఫొటో, అది నిలిచిన పగులు ఫొటో తీసుకోండి. మొక్కను మాత్రం అక్కడే వదిలేయండి.