సిరా ఎరగని పెన్నులు

సిరా ఎరగని ఇంకు పెన్ను గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఫౌంటెన్ పెన్నులంటే ప్రాణం పెట్టేవాళ్ళం కొందరం అప్పుడప్పుడూ కలుస్తుంటాం. మొన్న ఒకాయన తోలు పెట్టె తెరిచి, వరసగా పడుకోబెట్టిన పెన్నులన్నీ చూపించారు. వాటిలో రాజమండ్రి ఎబొనైట్ పెన్ను ఒకటుంది. ముదురాకుపచ్చ మీద నల్లచారలు, చూడగానే చెయ్యి లాగింది. ‘‘ఏ సిరా పోస్తారండీ దీంట్లో?’’ అని అడిగాను. ‘‘అయ్యో, సిరా పోస్తే దాని విలువ పోదూ!’’ అన్నారు.

నాకా మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నంగారు 1930లలో స్వదేశీ పెన్ను చెయ్యడానికి పూనుకున్నది ఇందుకా? ఆ పెన్ను అందుకున్న గాంధీగారు 1935లో ఆయనకు జాబు రాస్తూ, దాన్ని వాడానని, బాగుందని చెప్పారు. వాడారు! పెన్నుకు అంతకు మించిన గౌరవం ఏముంది?

ఎబొనైట్ అంటే రబ్బరును గంధకంతో కలిపి ఉడికించి గట్టిపరిచిన సరుకు. ఆ కడ్డీని లేతు మీద తిప్పి, లోపల తొలిచి, మరలు కోసి, నునుపు తేలుస్తారు. లోహంలా చేతికి చల్లగా తగలదు. ఎండలో వదిలేస్తే వన్నె తగ్గుతుంది. లోపల గొట్టాలూ గిట్టాలూ ఉండవు. ఫిల్లరుతో నేరుగా సిరా పొయ్యడమే. ఒక్కటే పేచీ: సిరా అడుగంటాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, పాళీ దగ్గర బొట్టు కక్కుతుంది. సగం కాగానే మళ్ళీ నింపుకుంటే ఆ బాధ ఉండదు. రోజూ రాసేవాళ్ళకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ తరవాత మాట సిరాల మీదికి మళ్ళింది. బ్రిల్ అని కొందరు, చెల్‌పార్క్ అని కొందరు. నా ఓటు ఎప్పుడూ బ్లూబ్లాక్‌కే. పాతకాలపు బ్లూబ్లాక్‌లో ఇనుప లవణం కలిపేవారు. రాసేటప్పుడు నీలంగా ఉన్న అక్షరం గాలి తగిలేకొద్దీ నల్లబడి, కాగితాన్ని పట్టుకుని కూర్చునేది. రాయల్ బ్లూ అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఒక్క నీటిచుక్క పడితే ఉత్తరమంతా అలుక్కుపోతుంది. ఒకావిడ సుద్దముక్క సంగతి ఎత్తారు. నోటుబుక్కు మీద సిరా ఒలికితే సుద్దముక్క ఆనించేవాళ్ళం, అది పీల్చుకుని నీలంగా మారేది. పరీక్ష మధ్యలో సిరా అయిపోతే పక్క బెంచీ పిల్ల తన పెన్ను విప్పి నాలుగు చుక్కలు పోసిందట. ఆ పిల్ల పేరు ఆవిడకు నేటికీ గుర్తే. అందరం కాసేపు మా మా బళ్ళకు వెళ్ళిపోయాం.

నాకు మాత్రం మా నాన్నగారి పెన్ను గుర్తొచ్చింది. నా చేతికి వచ్చాక ఏళ్ళ తరబడి రాసి రాసి నా చేతివాలుకు అరిగిన పాళీ దానిది. కాగితం మీద పెడితే చాలు, చప్పుడు లేకుండా సాగిపోయేది. ఒకరోజు ఒక కౌంటరు దగ్గర వరసలో నిలబడితే, వెనకనున్న మనిషి ‘‘ఒక్క సంతకం సార్’’ అని చెయ్యి చాపాడు. ఇచ్చాను. బాల్‌పెన్ను అలవాటైన చెయ్యి. కార్బన్ కాగితం అడుగుదాకా దిగాలని ఒళ్ళంతా బలం పెట్టి నొక్కాడు. పాళీ పాయలు రెండూ చెరోవైపు విడిపోయాయి. పెన్ను నా చేతిలో పెట్టి, ‘‘ఇది సరిగ్గా రాయట్లేదండీ’’ అని వెళ్ళిపోయాడు. కొత్త పాళీ వేయించాను. గీరుతుంది. నొక్కితే తప్ప రాయని పెన్నులు ఊరి నిండా ఉండగా అతను నాదే ఎందుకు అడగాలి? ఆ మనిషి మీద కోపం నాకు ఇవాళ్టికీ చల్లారలేదు, చల్లారాలనీ లేదు.

అందుకే ఇంకు పెన్నుతో రాసేవాళ్ళందరికీ నాదొక మనవి: జేబులో ఒక బాల్‌పెన్ను కూడా ఉంచుకోండి. ఎవరైనా అడిగితే అదే ఇవ్వండి.