ప్రవరలో లేని పేరులు

ఎనిమిదవ యేట నాకు ఉపనయనము జరిగిననాడు మా తాతగారు నన్ను ప్రక్కను గూర్చుండబెట్టుకొని ప్రవర కంఠస్థము చేయించిరి. ఋషుల పేరులు, గోత్రము, సూత్రము, శాఖ, చిట్టచివర నా పేరు. చెవులు చేతులతో బట్టుకొని వంగి దానిని జెప్పునప్పుడు నాకు గలిగిన గర్వ మిప్పటికిని జ్ఞాపకమున్నది. వేలయేండ్ల వంశచరిత్ర నా నాలుకమీద నున్నదని యనుకొంటిని. నలువది దాటిన పిమ్మట నొకనాడు ఒక వృద్ధురాలు, “మీ తాతమ్మగారి పేరేంటండి?” అని యడుగగా నాకు సమాధానము తోపలేదు. ఋషులకును నాకును నడుమ నున్నవారెవ్వరో, వారిని గన్న తల్లు లెవ్వరో నే నెరుగను. ఆ ప్రశ్నకు గారణమైన పనిని గూర్చి యిచట కొంత వ్రాయదలచితిని.

మా గోదావరి డెల్టాలో నరసాపురమునకును పాలకొల్లునకును చేరువను, కాలువగట్టున, ఒక పల్లె కలదు. అక్కడ బ్రదరన్ సంఘమువారి ప్రార్థనమందిర మున్నది. ఆదివారమునాడు రొట్టె విరుచుటకు వచ్చువారు నలుబదిమందికి మించరు. ఆ మందిరపు లెక్కలు చూచు యువకుడు పూర్వము నా శిష్యుడు. అతడొక సాయంకాలము మా యింటికి వచ్చి, “మాష్టారూ, మా సంఘంలో మొదట చేరిన కుటుంబాల చరిత్ర రాయించాలని అనుకుంటున్నామండి. పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మీరు సాయం చెయ్యాలి” అనెను. నేను ఆ మతమువాడను గానని చెప్పితిని. “అందుకే మిమ్మల్ని అడుగుతున్నానండి. మాలో ఎవరు రాసినా వాళ్ల తాతే ముందు వచ్చాడని రాసుకుంటారు” అని యతడు నవ్వెను. ఆ మాటలోని సత్యమునకు లోబడి యొప్పుకొంటిని.

ఈ సంఘపు మూలము మన దేశమున లేదు. 1820 తరువాత ఐర్లండులోని డబ్లిన్‌లోను, పిమ్మట ఇంగ్లండులోని ప్లిమత్‌లోను కొందరు, పురోహితుడు లేకుండ, బిషప్పు లేకుండ, విశ్వాసులందరు సమానులై కూడి రొట్టె విరువవచ్చునని నమ్మి యారంభించిన యుద్యమ మిది. వారిలో ఎక్సిటర్ నగరమున దంతవైద్యము చేసి విరమించిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఒకరు. 1836లో ఆయన వెంట బార్న్‌స్టేపుల్ అను చిన్నపట్టణమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను నిరువురు యువకులు భార్యలతో మద్రాసు వచ్చిరి. అచటినుండి మచిలీపట్టణము చేరి, తరువాత నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో నివసించిరి. 1833 నాటి నందన కరవు ముగిసి యప్పటికి మూడేండ్లే యైనది. ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలగుట కింకను పదునొకండేండ్లు గలదు.

ఈ యిరువురిలో బౌడెన్ రాతిపనివాడు. బీర్ బూట్లు కుట్టువాడు. ఈ సంగతి మొదట జదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. మా గ్రామములలో చెప్పులు కుట్టువాడు మా వీధిలో నడువరాదు. అతని యిల్లు ఊరికి వెలుపల నుండవలెను. ఆ పనియే చేసి వచ్చిన మనుష్యుడు తెల్లవాడగుటచేత “దొరగారు” అయ్యెను. పని అపవిత్రమని మనవారు చెప్పిన హేతువు నిజముగ హేతువే యైనచో ఆ దొరకు గూడ అదే మర్యాద జరిగియుండవలెను గదా! జరుగలేదు. దీనినిబట్టి మన శౌచము పనిని జూచి కాక అధికారమును జూచి మాఱునదని నాకు దోచినది.

ఇక కుటుంబచరిత్రలకు వత్తము. పురోహితుడు లేకుండుట యా సంఘమునకు గొప్ప సుగుణము. చరిత్ర వ్రాయువానికి గొప్ప కష్టము. ఆంగ్లికన్ సంఘములో శిశువునకు బాప్తిస్మ మిచ్చునప్పుడే తల్లిదండ్రుల పేరులు, తండ్రి వృత్తి రిజిష్టరులో నెక్కుచుండెను. వీరు శిశువులకు బాప్తిస్మ మీయరు. పెద్దవారై విశ్వసించి కోరినప్పుడే నీటిలో ముంచుదురు. ప్రతి సంఘమును స్వతంత్రమగుటచేత రిజిష్టరు నడుపుమని యాజ్ఞాపించు పైయధికారియు లేడు. ఇంగ్లండులోని దొరల యుత్తరములను అచ్చువేయు పత్రిక 1872లో వెలువడి, 1885 నుండి ‘ఎకోస్ ఆఫ్ సర్వీస్’ అను పేర నడచినది. వారి పాత కాగితములు మాంచెస్టరులోని జాన్ రైలండ్స్ గ్రంథాలయమున భద్రముగ నున్నవి. కాని నేను చదువగలిగిన కొన్ని లేఖలలో దొరలకును దొరసానులకును పేరులున్నవి. మనవారు “ఒక వృద్ధుడు”, “ఒక స్త్రీ” మాత్రమే.

1850 నాటి 21వ చట్టము, మతము మార్చుకొన్నవాని వారసత్వపుహక్కు పోరాదని శాసించినది. ఆస్తి గలవారు మతము మాఱినప్పుడు వ్యాజ్యములు నడచును. కోర్టు కాగితములలో మూడుతరముల పేరులు నిలుచును. ఈ పల్లెలోని తొలికుటుంబములు పాలేరుతనము చేసి యేటికింత ధాన్యమని పుచ్చుకొని బ్రదికినవి. వారసత్వముగ రావలసిన దేదియు లేనివారు ఆ చట్టముతో బని పడక, ఏ రికార్డునకు నెక్కక గతించిరి. చరిత్రలో నిలుచుటకు గూడ కొంచెము భూమి కావలసియుండెను.

మందిరమున మిగిలినది చెదలు కొంత తినివేసిన నోటుపుస్తక మొక్కటి. అందు బాప్తిస్మము పొందినవారి క్రొత్తపేరులు, కొన్నిచోట్ల తేది, స్త్రీలకు “ఫలానివాని భార్య” అను మాట. మొట్టమొదటి పేరు స్త్రీదే. భర్తపే రామెకు నాలుగు వరుసల క్రింద నున్నది. అందఱును పురుషుడు ముందు చేరెననియే చెప్పుచు వచ్చిరి. నోటుపుస్తకము కాదన్నది.

ఆమె కథ చెప్పగలవారు నా శిష్యుని మామ్మగారు. తొంబదియేండ్లు పైబడినవి. తేదీలు చెప్పలేరు గాని చెప్పిన దానిలో పొరపాటు లేదు. “మా అత్తగారి అత్తగారండి ఆవిడ. బందరు ఉప్పెననాటికి పొత్తిళ్లలో ఉందిట” అనిరి. ఉప్పెన 1864 నవంబరు 1వ తేదిని వచ్చినది. ముప్పదివేలమంది వరకు మడిసిరందురు. నోటుపుస్తకపు తేదితో సరిచూడగా ఆమె బాప్తిస్మమునాటికి వయస్సు ఇరువదికి లోపు. జననమరణపు రిజిష్టరులు లేని వారికి ఉప్పెనయు కరవును ఆనకట్టయునే పంచాంగము.

“బాప్తిస్మము చెరువులో నిచ్చిరా?” అని యడిగితిని. మామ్మగారు నావంక జాలిగా జూచిరి. “చెరువు ఊరివాళ్లదండి, మాష్టారూ. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. కాలవ సర్కారుది. అందుకని కాలవలో ముంచారు. ఆ కాలవ తవ్వినవాళ్లు కూడా మావాళ్లేనండి.”

1852లో ఆనకట్ట పూర్తియై కాలువలు సాగుటచేత డెల్టా ధాన్యాగార మైనదని యేటేట బాలురకు పాఠము చెప్పినాను. తక్కినవారు త్రాగరాని చెరువుగల యూరిలో, ఎవ్వరు దిగినను కాదనలేని నీరు మొదటిసారి వచ్చినదని నాకు దోచలేదు.

పని కొంత సాగిన తరువాత చిక్కులు మొదలయ్యెను. ఒక కుటుంబమువారు వచ్చి, తమ పూర్వికుడు పెద్దకులమువాడని వ్రాయుమని కోరిరి, సాక్ష్యమేమియు లేదు. మఱియొకరు ప్రభుత్వోద్యోగి, తమ పేరు గాని తాతపేరు గాని యందు గనబడరాదని బ్రతిమాలిరి. మూడవవారు, “క్రీస్తులో కులము లేదు, కులము మాటయే యెత్తవలదు” అనిరి. మూడవ మాట నాకు నచ్చినది. సంస్కారమన నదియే యనుకొంటిని.

రెండవవారి భయమునకు గారణము చదువరులు గ్రహింపవలెను. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము హిందువులు గానివారు షెడ్యూల్డుకులములవారుగ బరిగణింపబడరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను దానిలో జేర్చిరి, క్రైస్తవులను జేర్చలేదు. వారిని మన రాష్ట్రమున వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగమున నుంచిరి. మతము మాఱినంతమాత్రమున ఇల్లు పేటనుండి యూరిలోనికి మాఱలేదు. సహాయము మాత్రము మాఱినది. అందుచే కొన్ని యిండ్లలో బిడ్డకు రెండు పేరులు, మందిరమున నొకటి, బడిలో నొకటి. దీనిని మోసమని తిట్టుట సులభము. ఒకే మనుష్యుని రెండు ముక్కలుగ జేసి, ఏది నీవని యడుగు నియమమును గూర్చి మాత్రము మనము మాటాడము.

ఆ యడిగినవారిలో నేనొకడను. ఉద్యోగమున జేరిన రెండవయేట, ఒక బాలుని తల్లి అతనిని మఱియొక పేరుతో బిలుచుట వింటిని. మఱునాడు తరగతిలో నందఱియెదుట, “నీ అసలు పేరేది? రెండు పేరులవాడు రెండు నాలుకలవాడు” అంటిని. సత్యము బోధించుచుంటినని నా నమ్మకము. బాలుడు తల వంచుకొని నిలిచెను. ఆ తరువాత పదునొకండు దినములు బడికి రాలేదు. వచ్చిన పిమ్మట నేనును ఆ మాట యెత్తలేదు, అతడును ఎత్తలేదు. ఇరువదియైదేండ్ల తరువాత నా యింటికి వచ్చి చరిత్ర వ్రాయుమని యడిగినవాడు ఆ బాలుడే. అతని యనుమతితోనే యిది వ్రాయుచున్నాను. గుర్తులు కొన్ని మార్చితిని.

కులము మాట లేకుండ వ్రాసిన నా తొలిప్రతిని మామ్మగారికి చదివి వినిపించితిని. సంస్కృతసమాసములు వదలి సులభముగ వ్రాసితినని నాకు కొంత సంతోషముండెను. ఆమె చివరివఱకు వినిరి.

“బాగుందండి. కాని ఇది ఎవరి కథండి?” అనిరి.

“మీదే గదా, మామ్మగారూ.”

“గోడ ఉందని చెప్పకుండా గోడ దాటారని రాస్తే, చదివేవాడికి ఏం తెలుస్తుందండి? చెరువు సంగతి లేదు. కూలికి గింజలు దూరంనుంచి ఒళ్లో పోసేవారు, ఆ సంగతి లేదు. మీరు మాకు సిగ్గు లేకుండా చేద్దామనుకున్నారు. ఆ సిగ్గు మాది కాదండి.”

ఆమె గొంతున కోపము లేదు. నాకు మాత్రము ముఖము కందినది. కులము పేరెత్తకుండుట వారిని గౌరవించుట యనుకొంటిని. ఆ మౌనమువలన మొదట గాపాడబడినవారు మా పూర్వికులు. చెరువునకు గట్టిన కట్టడి యెవరిదో వ్రాయకున్న, దానిని గట్టినవారి మనుమలమగు మేము సుఖముగ నిద్రింపవచ్చును. అప్పుడే యామె మా తాతమ్మ పే రడిగినది. నేను చెప్పలేకపోతిని. “అయితే మీవాళ్లని కూడా ఎవరూ రాయలేదన్నమాట” అనిరి.

మొదటినుండి మఱల వ్రాసితిని. గతించినవారి జీవితము ఉన్నదున్నట్లు వ్రాయుట. వీధి, చెరువు, కూలి, కులము దేనిని దాచకుండుట. బ్రదికియున్నవారి పేరులును, వారివఱకు వచ్చు వంశపరంపరయు అచ్చు వేయకుండుట. ఆ పరంపరను ఏ యింటివారి కాగితము ఆ యింట నుంచుకొందురు. పెద్దకులపు కథ కోరినవారికి, “మా యింట నిట్లు చెప్పుకొందురు” అని వ్రాయుట కొప్పుకొంటిని. సత్యమని వ్రాయుట కొప్పుకొనలేదు. వారు తమ కుటుంబపు పుట నే వలదనిరి. ఆ పుట ఖాళీగనే యున్నది. ఈ యేర్పాటు నాకు పూర్తిగ దృప్తి నీయలేదు. సత్యము చెప్పినందున ఒక విద్యార్థి చదువు చెడు నియమ మున్నంతవఱకు, ఏ చరిత్రకారునికిని పూర్ణమైన తృప్తి యుండరాదేమో!

ఇంటికి వచ్చి మా మేనత్తగారికి ఫోను చేసితిని. ఆమెకు ఎనుబదియైదేండ్లు. “తాతమ్మ పేరా? తాతమ్మ అనే పిలిచేవాళ్లం రా. పేరుపెట్టి ఎవరు పిలుస్తారు?” అనిరి. మూడుదినములకు తామే ఫోనుచేసి, ఒక పాత యిత్తడిచెంబు అడుగున చెక్కియున్నదని యొక పేరు చెప్పిరి. నా ప్రవరలో దానికి చోటు లేదు. బాల్యవితంతువైన యొక సోదరి ఆమెకుండెననియు, ఆమె నే శుభకార్యమునకును ముందునకు రానిచ్చెడివారు కారనియు అప్పుడే మొదటిసారి వింటిని. ఆమె పేరు మాత్రము మేనత్తగారికిని జ్ఞాపకము రాలేదు. చెంబులమీద గూడ లేదు.

చదువరులారా! మీ యింట వృద్ధురా లొక్కరైన నుండినయెడల నేటిసాయంకాలము ఆమెకడ గూర్చుండి, మీ వారి పేరులడుగుడు. ఏ చెరువు ఎవరిది, ఎవరిని దిగనిచ్చిరి, ఎవరిని దిగనీయలేదు, అదియు నడుగుడు. ఆమె చెప్పిన దెట్టిదైనను వ్రాసికొనుడు.