పటమును పరిశీలించుట



మాటకంటె బొమ్మ శీఘ్రముగ మనసున కెక్కును. వాక్యమును చదువునపుడు మనము సందేహింతుము. బొమ్మను చూచినంతనే నమ్ముదుము. కావున తప్పు వాక్యముకంటె తప్పు బొమ్మ యెక్కువ కీడు చేయును.

వివరములను పదిలపరచి, కోరినపుడు తీసి యిచ్చు డేటాబేసులలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనునది యొకటి. చిరకాలము బొమ్మలు లేకయే నడచిన దాని వివరణగ్రంథమునందు 2019వ సంవత్సరపు 12వ కూర్పుతో బొమ్మలు చేరినవి. కంప్యూటరు పనిలో నున్న నా మరిదియు, క్రొత్తగా నేర్చువారి కొరకు ఆ డేటాబేసును గూర్చి తానొక పటము గీసి తెచ్చి, "వదినా, మీరు దీనిని పరిశీలింపవలెను. మీకు బోధపడినచో నందరికిని బోధపడును" అనెను. ఆ విద్య నాకు రాదు. కాని మూలమును వ్యాఖ్యను దగ్గర నుంచుకొని పోల్చి చదువుట చిన్ననాడే మా తండ్రిగారు నేర్పిరి. ఆ పద్ధతినే యవలంబించితిని.

ఆ గ్రంథమును బట్టి డేటాబేసునందలి యొక పుట సాధారణముగ 8,192 బైట్లు. మొదట 24 బైట్ల శీర్షిక. దాని తరువాత, ఒక్కొక్కటి 4 బైట్ల సూచికలు మొదటినుండి చివర వైపునకు పెరుగును. అసలు వివరములు మాత్రము పుట చివరనుండి మొదటి వైపునకు పేర్చబడును. నడుమనున్న ఖాళీ చోటు రెండు వైపులనుండియు తరుగుచు వచ్చును. మరిది పటమున రెండు బాణములును ఒకే దిక్కు చూపుచుండెను. బాణమే కదా యని విడువరాదు. దానిని నమ్మినవారికి ఖాళీ యెట్లు తరుగునో తెలియనే తెలియదు.

మరి మూడు విషయములు చెప్పితిని. ఎరుపు, ఆకుపచ్చల భేదముచేతనే అర్థము కావలసిన పటము నల్ల సిరాతో అచ్చుపడినచో మూగదగును. రంగులు గుర్తింపలేని వారికిని అంతే. వాక్యమున సూచిక యన్నదానిని పటమున వేరు పేర పిలువరాదు. మూడవది ముఖ్యము: పటముతోపాటు దానిని పుట్టించిన మూలమును దాచవలెను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వారు గ్రాఫ్‌విజ్, డిటా అను సాధనములకై అక్షరరూపమున వ్రాసిన మూలమును ఎస్‌విజి బొమ్మతో గూడ భద్రపరతురు. విషయము మారినపుడు పరులైనను దానిని సవరింపగలరు. మూలము లేని బొమ్మ పాతబడినను అట్లే నిలిచి, చూచినవారి నెల్ల త్రోవ తప్పించును.

మరిది బాణమును త్రిప్పి, తక్కినవియు దిద్దెను.

పిల్లల పాఠపుస్తకములందును, మందులతో వచ్చు పత్రములందును, మిక్సీతో వచ్చు కాగితములందును పటములు కలవు. ప్రక్కనున్న వాక్యముతో ప్రతి బాణమును పోల్చి చూడుడు. ఆ శాస్త్రము రాకున్నను ఈ పని మనకు సాధ్యమే.